డాల్ఫిన్ బాడీ మీద సన్నని గీత

1982లో బెంగళూరుకు చెందిన సిపానీ సంస్థ డాల్ఫిన్ అనే చిన్న కారును అమ్మకానికి తెచ్చింది. బ్రిటన్‌లో రిలయంట్ కంపెనీ తయారుచేసిన కిట్టెన్ దీనికి మాతృక. 848 సీసీ ఇంజను, రెండు తలుపులు, గాజుపోగులను రెజిన్‌తో గట్టిపరిచి చేసిన ఫైబర్‌గ్లాస్ బాడీ. మరుసటి ఏడాది డిసెంబరులో మారుతి 800 వచ్చాక దీన్ని పట్టించుకున్నవారు తక్కువే. అపురూపంగా దాచుకున్నవారు మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. వారితో కాసేపు మాట్లాడితే బీటల ప్రస్తావన రాకుండా ఉండదు.

ఈ బాడీకి తుప్పు భయం లేదు. కానీ దాన్ని ఉక్కు చట్రానికి బోల్టులతో బిగించారు. గతుకుల్లో చట్రం మెలితిరిగినప్పుడల్లా ఆ ఒత్తిడి బోల్టు రంధ్రాల చుట్టూ, తలుపుల మూలల్లో పోగవుతుంది. మొదట పైపూత మీద వెంట్రుకంత గీత పడుతుంది. రంగు పగిలిందిలే అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు.

టింకరింగ్ షెడ్డులో ఆ గీతను కాస్త గోకి, పుట్టీ నింపి, రంగు కొట్టి పంపుతారు. కొన్నాళ్లకు అదే చోట అదే గీత. మేస్త్రీని తప్పుపట్టలేం, ఆయన చేయి ఇనుముకు అలవాటు పడింది. ఇనుమును కాల్చవచ్చు, కొట్టవచ్చు, అతకవచ్చు. ఫైబర్‌గ్లాస్‌ను అలా కరిగించలేం. అందులోని పాలియెస్టర్ రెజిన్‌కు హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలపగానే, పొడవాటి అణువుల మధ్య రెజిన్‌లోనే ఉండే స్టైరీన్ అనే ద్రవం అడ్డుముడులు వేసి అంతటినీ ఒక్క వలగా బిగిస్తుంది. కాల్చిన కుండ మళ్లీ మట్టిముద్ద కానట్టే ఈ వల మళ్లీ విడదు. కొత్త రెజిన్‌తో ముడిపడే కొసలు కూడా పాత వలలో పెద్దగా మిగలవు. గరుకు చేసిన ఉపరితలాన్ని కరిచిపట్టుకోవడమే కొత్తదానికి దారి.

పైగా బలమంతా గాజుపోగులదే, రెజిన్ వాటిని కట్టి ఉంచే జిగురు మాత్రమే. తెగిన పోగుల మీద పుట్టీ పెట్టడమంటే తెగిన తాడుకు మైనం రుద్దడమే.

ముందు బీట ఎంతదూరం పాకిందో తెలుసుకోవాలి. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు, నాణెంతో తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి చోట ఖంగుమంటుంది. లోపల పొరలు విడిన చోట శబ్దం మూగబోతుంది. కంటికి కనిపించే గీత కన్నా ఆ మూగచోటు చాలాసార్లు పెద్దది.

తర్వాత గ్రైండరుతో బీటకు ఇరువైపులా ఏటవాలుగా అరగదీయాలి. మందం ఒక వంతైతే వాలు 12 వంతులు. అంటే 3 మిల్లీమీటర్ల పలకకు ఒక్కోవైపు 36 మిల్లీమీటర్లు. బాగున్న భాగాన్ని ఇంత తినేయడానికి మనసొప్పదు. కానీ నిటారు అంచులను అంటిస్తే జిగురుకు దొరికే పట్టు 3 మిల్లీమీటర్లే, వాలు మీద అది దాదాపు పన్నెండు రెట్లు. వడ్రంగి రెండు కర్రలను ఏటవాలుగా కోసి అతికేది కూడా ఇందుకే. ఈ గాజుధూళికి మాస్కు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. లేకపోతే దురద పడుకోనివ్వదు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం, అరగదీసిన చోట మ్యాట్, అంటే గాజుపోగుల పరుపు, పరచడం. పొడిగా ఉన్నప్పుడు అది తెల్లగా ఉంటుంది. బ్రష్షుతో రెజిన్ అద్దగానే తెలుపు మాయమై కింది పలక కనిపిస్తుంది. గాజు, రెజిన్‌ల వక్రీభవన గుణకాలు, అంటే కాంతిని వంచే తీరు, దాదాపు సమానం కాబట్టి పోగుల అంచుల దగ్గర కాంతి చెదరదు. తడిసిన తెల్లపంచెలోంచి ఒంటిరంగు కనిపించడం ఇలాంటిదే. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలితే అక్కడ గాలి చిక్కుకుందన్నమాట. రోలరుతో నొక్కి దాన్ని సాగనంపాలి.

రెజిన్‌లో కలిపే హార్డెనర్ సాధారణంగా 1 నుంచి 2 శాతం. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ పోస్తే, చర్యలో పుట్టే వేడికి డబ్బాలోని రెజిన్ పొగలు కక్కుతుంది. మండు వేసవి మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. మన తీరంలో ఫైబరు పడవలు బాగుచేసేవారికి ఇవన్నీ కొట్టిన పిండి. డాల్ఫిన్ ఉన్నవారు టింకరింగ్ షెడ్డు కన్నా ముందు అలాంటి పనివాడిని వెతుక్కోవడం మేలని నా అభిప్రాయం.

రంగుకు మాత్రం తొందర వద్దు. గట్టిపడ్డాక కూడా పాలియెస్టర్ కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా కుంచించుకుంటుంది. వెంటనే రంగేస్తే నిగనిగలాడే పూత కింద నుంచి పోగుల అచ్చు మెల్లగా పైకి తేలుతుంది. ఈలోగా కారు కింద దూరి చట్రం బోల్టులు చూడాలి, వదులైనవి ఏవో, అతిగా బిగించినవి ఏవో. బీట పుట్టింది అక్కడే కావచ్చు.