జాక్ కార్డిఫ్ కెమెరా: అపోహలు - వాస్తవాలు

కెమెరా అసిస్టెంట్‌గా చేరదామని వచ్చే కుర్రాళ్లు ముందు అడిగేది "అన్నా, ఏ కెమెరా?" అని. వాళ్లకి నేను బ్రిటిష్ కెమెరామెన్ జాక్ కార్డిఫ్ (1914-2009) గురించి చెప్తాను. ఆయన గురించి కూడా తప్పుడు మాటలు చాలానే తిరుగుతున్నాయి.

అపోహ: 'బ్లాక్ నార్సిసస్' (1947) హిమాలయాల్లో తీశారు.

వాస్తవం: ఈ సినిమా కోసం నటీనటులెవరూ ఇండియా గడప తొక్కలేదు. సినిమా దాదాపు మొత్తం లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో తీశారు. కొన్ని సీన్లకు ససెక్స్‌లోని ఒక తోట వాడుకున్నారు. కొండలేమో గాజు మీద వేసిన బొమ్మలు. వెనక తెరలు నలుపు తెలుపు ఫొటోలను పెద్దవి చేసి, పైన రంగు సుద్దలు రుద్దినవి. ఇక్కడే కెమెరామెన్ పని మొదలవుతుంది. బొమ్మలోని కొండకి ఎడమ నుంచి ఎండ తగులుతుంటే, ముందున్న నటి ముఖం మీదా ఎడమ నుంచే, అదే రంగు వెలుగు పడాలి. అది తప్పితే కొండ తెర అయిపోతుంది. 'మాయాబజార్' కెమెరామెన్ మార్కస్ బార్ట్‌లీ తెర మీద చూపిన వెన్నెల చూసి పెరిగిన మనకి ఇది వేరే చెప్పాలా! ఈ సినిమాకే కార్డిఫ్‌కి ఆస్కార్ వచ్చింది.

అపోహ: ఆ రంగులన్నీ టెక్నికలర్ అనే రంగుల సినిమా కంపెనీ కెమెరా మహిమ.

వాస్తవం: ఆ కెమెరా లోపల ఒక ప్రిజం వెలుగుని చీల్చి, ఒకేసారి మూడు నెగెటివ్‌ల మీద పడేస్తుంది. అందుకే దానికి విపరీతమైన లైటు కావాలి. అంత లైటు పోస్తే నీడ చచ్చిపోతుంది. కంపెనీ వాళ్లకీ అలా వెలిగిపోతేనే ఇష్టం. కార్డిఫ్ నీడని వదల్లేదు. 1936లో టెక్నికలర్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు టెక్నికల్ ప్రశ్నలు తనకి రావని చెప్పేసి, చిత్రకారుల వెలుగు గురించి మాట్లాడి ఎంపికయ్యానని ఆయనే చెప్పుకున్నారు. పాతకాలపు డచ్ చిత్రకారులు రెమ్‌బ్రాంట్, వెర్మీర్ ఆయన గురువులు. ఇంక బడి చదువంటారా, అమ్మానాన్నలు ఊరూరా తిరిగే స్టేజ్ కళాకారులు, ఆయన నాలుగేళ్లకే మూకీలో నటించారు.

అపోహ: ఎఫెక్ట్ అంటే ఖరీదైన సామాను.

వాస్తవం: 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' (1946)లో సముద్రం ఒడ్డున ఒక సీను. షాట్ మంచులోంచి తేలినట్టు మొదలవ్వాలన్నారు దర్శకుడు మైకేల్ పావెల్. కార్డిఫ్ వెళ్లి లెన్స్ మీద "హా" అని ఊదారు. అంతా మసకేసింది, కాసేపటికి దానంతటదే విడిపోయింది. అయిపోయింది షాట్.

ఈ కిటుకు నేనూ ఒకసారి హైదరాబాద్ శివార్లలో చేయబోయాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఎంత ఊదినా లెన్స్ మీద ఆవిరి పట్టలేదు. లైట్‌మ్యాన్ మాత్రం "సార్, మంచినీళ్లు తెమ్మంటారా?" అన్నాడు.