ఉత్తర తెలంగాణలో కుటుంబ డాక్టరు ఎందుకు నిలవలేదు

వరంగల్ ఎంజీఎం ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడ్డ వరుసను చూస్తే చాలామంది చేతుల్లో ఒక ప్లాస్టిక్ కవరు కనిపిస్తుంది. అందులో నాలుగు దవాఖానల చీటీలు, రెండేళ్ల కిందటి స్కానింగ్ రిపోర్టు, సగం వాడిన గోలీల షీటు ఉంటాయి. ఆ మనిషి ఆరోగ్య చరిత్ర అంతా ఆ కవరే. దాన్ని మొదటి చీటీ నుంచి చివరిదాకా చదివిన డాక్టరు మాత్రం ఎక్కడా దొరకరు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి బస్సు మారి వచ్చినవాళ్లలో ఎందరికో కావాల్సింది బీపీ గోలీ మోతాదు సరిచూడటం, పుండు మానని కాలును ఒకసారి చూడటం అంతే. ఆ పని ఊరికి దగ్గర్లో, తెలిసిన డాక్టరు దగ్గర ఎందుకు జరగడం లేదన్నదానికి ఎనభై ఏళ్ల వెనకనుంచి లెక్క తీయాలి.

కుటుంబ వైద్యుడంటే జ్వరానికి గోలీ రాసే చిన్న డాక్టరనే అభిప్రాయం మన దగ్గర పాతుకుపోయింది. ఆ పని పుట్టిన తీరు వేరు. 1940లో దక్షిణాఫ్రికాలోని ఫొలేలా అనే పల్లె ప్రాంతంలో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే డాక్టరు దంపతులు ఒక ఆరోగ్య కేంద్రం తెరిచారు. రోగులు వచ్చేదాకా ఆగకుండా ఇల్లిల్లూ తిరిగి ఎవరేం తింటున్నారో, ఏ ఇంట్లో పిల్లలు పోతున్నారో రాసుకుని, ఆ లెక్కనుబట్టి వైద్యం, కూరగాయల సాగు రెండూ నడిపారు. వేల్స్‌లోని గ్లింకోరగ్ అనే బొగ్గుగని ఊళ్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ 1960ల్లో తన కింద ఉన్న పెద్దవాళ్లందరికీ బీపీ చూశాడు. ఒంట్లో బాగున్నవాళ్లను కూడా వదల్లేదు. 1971లో ఆయన రాసిన సూత్రం ఇప్పటికీ చెల్లుతుంది: వైద్యం అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుంది, వైద్యాన్ని బజారుకు వదిలేసినకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పర్మినెంటు కార్మికుడికి సింగరేణి దవాఖాన ఉంటుంది. అదే దుమ్ము పీల్చే చుట్టుపక్కల ఊరివాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు.

మన దేశంలో ఈ ఆలోచన 1946లోనే కాగితం మీదికి వచ్చింది. బ్రిటిష్ సర్కారు ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ ప్రతి 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలంది, వైద్య విద్యార్థులకు నివారణ, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఇచ్చి ‘సామాజిక వైద్యుల్ని’ తయారుచేయాలంది. అదే కమిటీ మరో నిర్ణయం కూడా చేసింది, దాని ఫలితం మన ఊళ్లు ఇప్పటికీ అనుభవిస్తున్నాయి. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో నమోదైన డాక్టర్లు 47,524 మంది. అందులో ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ ఉన్నవాళ్లు 17,654 మందే, మిగతా 29,870 మంది లైసెన్షియేట్లు, అంటే మన పెద్దవాళ్లు ‘ఎల్‌ఎంపీ డాక్టరు’ అనేవాళ్లు. తక్కువ కాలం చదివి చిన్న పట్నాల్లో, తాలూకా కేంద్రాల్లో స్థిరపడింది ఎక్కువగా వీళ్లే. ఇకమీదట ఒకే రకం డాక్టరు చాలు, లైసెన్షియేట్ చదువు ఆపేయాలని కమిటీలో ఎక్కువమంది తేల్చారు. కొందరు సభ్యులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. నాణ్యత కోసం తీసుకున్న నిర్ణయమే అది, కాదనలేం. కానీ ఎల్‌ఎంపీ వెళ్లిపోయిన కుర్చీలోకి ఎంబీబీఎస్ రాలేదు, డాక్టరు చదువు చదవని ఆర్‌ఎంపీ వచ్చాడు.

ఆర్‌ఎంపీని తిట్టడం సులువు. జనం అతని దగ్గరికే ఎందుకు పోతారో చూడాలి. రాత్రి పదకొండు గంటలకు పిలిస్తే బండి మీద ఇంటికొస్తాడు. పైసలు పత్తి అమ్మినాక తీసుకుంటాడు. ఇంట్లో ఎవరికి ఏముందో ఎరుక. కుటుంబ డాక్టరు చేయాల్సిన మూడు పనులు, దగ్గరుండటం, తెలిసుండటం, విడవకుండా చూడటం, అతను చేస్తున్నాడు. చేతకానిది వైద్యం. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూది, ఆయాసానికీ జ్వరానికీ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, నీరసానికి సెలైన్. వరి నాట్లు, కలుపు తీతలకు నడుం పడిపోయే కూలీలు నొప్పి సూదికి అలవాటు పడితే కిడ్నీలు దెబ్బతింటాయి. స్టెరాయిడ్ మాటిమాటికీ పడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు బలహీనమవుతాయి, లోపలున్న టీబీ బయటపడుతుంది. సూదితో ఆ పూట నొప్పి తగ్గుతుంది కాబట్టి నమ్మకం మాత్రం చెక్కుచెదరదు.

కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో వచ్చింది. ఓరుగల్లుకు అది గొప్ప మలుపు, ఎన్నో తరాల డాక్టర్లు అక్కడే తయారయ్యారు. అయితే దేశంలోని అన్ని కాలేజీల్లాగే అక్కడా విద్యార్థి నేర్చుకునేదంతా స్పెషలిస్టుల వార్డుల్లో. మంచం మీదున్న రోగిని చూడటం వస్తుంది, మంచం ఎక్కకముందు పదేళ్లు ఆ మనిషి ఎట్లా బతికాడో చూడటం రాదు. 1975లో వైద్య విద్య మీద కేంద్రం వేసిన శ్రీవాస్తవ కమిటీ ఈ లోపాన్నే ఎత్తిచూపింది. 1977లో మెడికల్ కాలేజీలకు గ్రామీణ బ్లాకులు అప్పగించే పథకం పెట్టారు, అది బస్సులో పోయి క్యాంపు పెట్టి రావడం దగ్గరే ఆగింది. మరుసటేడు ఆల్మా ఆటా నగరంలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభలో ‘అందరికీ ఆరోగ్యం’ ప్రకటన మీద మన దేశమూ సంతకం చేసింది.

క్లినిక్ గడప దాటి జనం పక్షాన నిలబడిన డాక్టర్లు ఇక్కడ లేరని కాదు. కాజీపేట పిల్లల డాక్టరు రామనాథం పౌరహక్కుల సంఘం నాయకుడు కూడా. 1985 సెప్టెంబర్ 3న ఆయన్ను క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అలాంటి డాక్టర్లు వాళ్ల సొంత తెగువతో నిలిచారు. వాళ్లను తయారుచేసే, నిలబెట్టే ఏర్పాటంటూ ఏదీ లేదు.

ఆ ఏర్పాటు ఎట్లుంటుందో చూడాలంటే ప్రాణహిత దాటితే చాలు. అవతలి ఒడ్డున గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో ‘సెర్చ్’ సంస్థ మొదలుపెట్టి, ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. బిడ్డను తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, చలి తగలకుండా చుట్టడం, ఇన్‌ఫెక్షన్ గుర్తుపట్టి యాంటీబయాటిక్ ఇవ్వడం. మూడో ఏటికి ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఇవాళ మన ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లడం ఆ పని నుంచి వచ్చిందే. ఆశాలు 2005 తర్వాత వచ్చారు. వాళ్ల వెనక ఏళ్లతరబడి నిలబడే డాక్టరు మాత్రం రాలేదు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్‌కు పొలం అమ్ముకునే ఇళ్లకు అది ప్రాణం పోసింది, ఇందులో రెండో మాట లేదు. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలకు పెంచారు. కానీ ఆ కార్డు ప్రధానంగా పనికొచ్చేది దవాఖానలో చేరినప్పుడు, ఆపరేషన్ పడ్డప్పుడు. నెలనెలా మింగే బీపీ గోలీకి కాదు. పక్షవాతం వచ్చాక లక్షలు ఖర్చుపెట్టే ఏర్పాటుంది, అది రాకుండా ఆపే గోలీ అందరికీ విడవకుండా అందే ఏర్పాటు బలహీనంగా ఉంది. పైసలు ఎటు పోతే వైద్యం అటు పోతుంది.

కాన్పుల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2019-20 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు దవాఖానల్లోనే జరిగాయి. అందులో సిజేరియన్లు మొత్తం మీద 60.7 శాతం, ప్రైవేటులో 81.5 శాతం, సర్కారులో 44.5 శాతం. కరీంనగర్ జిల్లా దేశంలోనే పైవరుసలో ఉంది. ముహూర్తం చూసి కోత పెట్టించుకోవడం ఒక కారణమైతే, మొదటి కాన్పు కోత అయితే రెండోదీ కోతే కావడం ఇంకో కారణం. గర్భిణికి నొప్పులు మొదలయ్యేనాటికి ఆమెను మూడో నెల నుంచి చూస్తూ వచ్చిన, ‘భయపడకు, ఆగుదాం’ అని చెప్పగలిగే మనిషి పక్కన లేకపోవడం అన్నిటికంటే పెద్ద కారణం. కరీంనగర్‌లోనే నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టడం సరైన చోట సరైన పని.

ఏజెన్సీకి వస్తే లోటు మరో రూపంలో ఉంటుంది. ఏటూరునాగారం, కన్నాయిగూడెం, వాజేడు, వెంకటాపురం మండలాల్లో వాగులు పొంగితే గూడేలకు దారే ఉండదు. అక్కడి మలేరియాలో వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. మూడో రోజుకే జ్వరం పోతుంది, మనిషి పనికి పోతాడు, మిగతా గోలీలు డబ్బాలోనే ఉండిపోతాయి. పరాన్నజీవి కాలేయంలో దాక్కుని కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. అప్పటికి డాక్టరు మారితే దాన్ని కొత్త జ్వరంగా రాసి మళ్లీ మూడు రోజుల మందే ఇచ్చి పంపుతారు. పాత రిజిస్టరులో పేరు వెతికే అలవాటున్న డాక్టరైతే ఇది తిరగబెట్టిందని పట్టుకుంటారు, ఆశాతో 14 రోజులూ కళ్లముందు మింగిస్తారు. ఇందులో ఇంకో చిక్కుంది. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపమున్నవాళ్లకు ప్రైమాక్విన్ పడదు, రక్తకణాలు పగిలి మూత్రం నల్లగా వస్తుంది. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు అసలే ఇవ్వకూడదు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం గూడేల్లో కనిపించే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుదీ ఇదే కథ. కీళ్లు పట్టేసి ఏడ్చే పిల్లను ఒకసారి కీళ్లవాతమని, ఒకసారి రక్తం తక్కువని, ఇంకోసారి ఉత్త జ్వరమని చూస్తారు. ఒకే కళ్లు నాలుగుసార్లు చూస్తే అనుమానం వస్తుంది, నలుగురు ఒక్కోసారి చూస్తే రాదు. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్‌లో గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లందరికీ పరీక్ష అన్నారు. జబ్బు తేలినవాళ్లకు హైడ్రాక్సీయూరియా మొదలుపెడితే తెల్లకణాలు, ప్లేట్‌లెట్ల లెక్క వరసగా చూస్తుండాలి. మందు రాయడంతో పని అయిపోదు, అక్కడ మొదలవుతుంది.

మైదానంలో బీపీ లెక్క వేసి చూద్దాం. నిబంధన ప్రకారం ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) కింద 30 వేల జనాభా, ఏజెన్సీలో 20 వేలు. 30 వేలలో ముప్పై ఏళ్లు దాటినవాళ్లు 12 వేలమంది అనుకుందాం. పెద్దవాళ్లలో సుమారు పావువంతుకు బీపీ ఉంటోంది కాబట్టి 3 వేలమంది. ఒక్కొక్కరికి రోజుకు ఒక ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల గోలీ అంటే నెలకు 90 వేల గోలీలు. సగంమందికి రెండో మందు తోడైతే ఇంకో 45 వేలు. మందుల కోసం పంపే ఇండెంటు ఈ లెక్కమీద కాక పోయిన నెల వచ్చినవాళ్ల లెక్కమీద పోతే స్టాకు మధ్యలో అయిపోతుంది. పది రోజుల గోలీలిచ్చి మళ్లీ రమ్మంటే కూలిమనిషి రెండోసారి రాడు, కూలి పోతుంది.

చూసే తీరులోనే మరో పొరపాటు. బస్సు దిగి గబగబా నడిచొచ్చిన మనిషికి వెంటనే చొక్కా చేతిమీదే పట్టీ చుట్టి చూస్తే అంకె ఎక్కువొస్తుంది. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో బల్లమీద పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే మళ్లీ తప్పే.

సమాజ ఆరోగ్యానికి నాయకత్వం అంటే ఇట్లాంటి పనులే. డాక్టరు దగ్గర ఉండాల్సిన అసలు కాగితం వచ్చినవాళ్ల లెక్క కాదు, రానివాళ్ల జాబితా. దాన్ని పీహెచ్‌సీ మొత్తానికి సగటు తీస్తే ఏమీ తెలియదు. ఊరు, తండా, దళితవాడ, గూడెం విడివిడిగా రాస్తే తేడా బయటపడుతుంది. పెద్దూరిలో బీపీ అదుపులో ఉండి తండాలో లేకపోతే, తండావాళ్లు పత్తి ఏరడానికి పొద్దున ఏడింటికే పోతున్నారేమో, దవాఖాన తొమ్మిదింటికి తెరుస్తున్నారేమో చూడాలి. అంగడి రోజు సాయంత్రం క్లినిక్ పెట్టి, నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల గోలీలు ఒకేసారి ఇస్తే చాలావరకు తీరే సమస్య అది. దానికి డాక్టరు ఆ ఊళ్లో ఒక పంటకాలమైనా గమనించి ఉండాలి.

అక్కడే కథ అడ్డం తిరుగుతోంది. పీహెచ్‌సీలో చేరే కుర్ర డాక్టరు చేతిలో పీజీ ప్రవేశ పరీక్ష పుస్తకం ఉంటుంది. తప్పు అతనిది కాదు. పల్లెలో పనిచేసినందుకు దక్కే బహుమతే పల్లె వదిలి స్పెషలిస్టు కావడానికి సీటు. ఊళ్లో ఉండి ఎదిగే దారి లేదు. 2002 జాతీయ ఆరోగ్య విధానం కుటుంబ వైద్యంలో పీజీ సీట్లు పెంచాలంది, 2017 విధానం మళ్లీ అదే చెప్పింది. కుటుంబ వైద్యంలో డీఎన్‌బీ అనే పీజీ కోర్సు ఉన్నా, సర్కారు కొలువులో ఆ చదువుకు తగిన మెట్లు లేనప్పుడు ఎవరు చేరతారు?

2018లో ఉపకేంద్రాలను వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలైంది, 2022లో పల్లె దవాఖానలు వచ్చాయి. నిజాం కాలపు మాటను బోర్డుమీదికి తిరిగి తెచ్చిన ఈ దవాఖానల్లో కొన్నిచోట్ల ఎంబీబీఎస్, కొన్నిచోట్ల ఆయుర్వేద డాక్టర్లు, స్టాఫ్ నర్సులు కూర్చుంటున్నారు. ఊరికి డాక్టరు ఇంత దగ్గరగా రావడం పెద్ద సంగతే. ఎక్కువమంది కాంట్రాక్టు మీద ఉన్నారు కాబట్టి ఎన్నాళ్లుంటారో చెప్పలేం. అదే ఏడాది మార్చి 5న ములుగు, సిరిసిల్ల జిల్లాల్లో 18 ఏళ్లు దాటినవాళ్లందరి ఆరోగ్య వివరాలు సేకరించే హెల్త్ ప్రొఫైల్ మొదలుపెట్టారు. ఫొలేలాలో కార్క్ దంపతులు మొదటగా చేసిందీ ఇదే, కాకపోతే రాసుకున్న డాక్టర్లే అక్కడ ఉండి వెంటపడ్డారు.

ఇప్పుడు ఉత్తర తెలంగాణలో మెడికల్ కాలేజీలకు కరువు లేదు. మహబూబాబాద్, మంచిర్యాల, జగిత్యాల, రామగుండం 2022లో మొదలయ్యాయి, తర్వాత భూపాలపల్లి, ఆసిఫాబాద్, ములుగు దాకా వచ్చాయి. జాతీయ వైద్య కమిషన్ కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం ప్రతి విద్యార్థీ మొదటి ఏడాదిలోనే కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువు పొడుగునా వాళ్ల ఇళ్లకు వెళ్తుండాలి. హిమోగ్లోబిన్, బీపీ, షుగర్, పిల్లల టీకాలు, తాగునీరు, మరుగుదొడ్డి అన్నీ లాగ్‌బుక్‌లో రాస్తాడు. చదువు అయ్యాక ఆ పుస్తకం పరీక్ష మార్కులకు పోతుంది. అది ఆ ఊరి పల్లె దవాఖాన బీరువాలోకి పోవాలి, తర్వాతి బ్యాచ్ విద్యార్థికి అదే ఇల్లు, అదే పుస్తకం ఇవ్వాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం, ఆ పీహెచ్‌సీ డాక్టరు కలిసి కూర్చుని ఇళ్ల నంబర్లు సరిచూసుకుంటే అవుతుంది.