సెకండ్ హ్యాండ్ డిజిటల్ రేంజ్‌ఫైండర్: అపోహలు - వాస్తవాలు

పదేళ్లుగా పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. ఆరు నెలల క్రితం నా ఇష్టం కొద్దీ పాత డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఒకటి కొన్నాను. వ్యూఫైండర్‌లో కనిపించే రెండు బొమ్మల్ని చేత్తో ఒకటిగా కలిపి ఫోకస్ చేసే కెమెరా ఇది. అంతకుముందు విన్న మాటల్లో చాలావరకు తప్పని చేతిలోకి వచ్చాకే తెలిసింది.

అపోహ: షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క) తక్కువుంటే కళ్లు మూసుకుని కొనేయొచ్చు.

వాస్తవం: నేనూ అలాగే కొన్నాను. బాడీ మీద గీత కూడా లేదు. ఇంటికొచ్చి వీధి చివరి మందుల షాపు బోర్డు మీద ఫోకస్ పెట్టాను. ఈ కెమెరా వ్యూఫైండర్ మధ్యలో చిన్న వెలుతురు గడి ఉంటుంది, ప్యాచ్ అంటాం. అందులో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్స్ రింగ్ తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరికొచ్చి ఒకటవుతాయి. నాకు అడ్డంగా కలిశాయి గానీ, ఎంత తిప్పినా ‘మెడికల్స్’లోని ‘క’కి రెండు తలకట్లు, ఒకదాని పైన ఒకటి! అమ్మినాయన ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు.

నిలువు తేడా వల్ల ఫోకస్ తప్పదు, కలిసిందో లేదో పోల్చుకోవడమే కష్టం. అసలు దెబ్బ అడ్డం తేడాతో. మీ కంటికి కలిసినట్టే ఉంటుంది, ఫొటోలో మాత్రం కన్ను వదిలి చెవి షార్ప్‌గా వస్తుంది. అందుకే కొనేచోటే దూరంగా ఉన్న సెల్ టవర్‌ని చూడండి. లెన్స్ రింగ్ ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరపు గుర్తు) దగ్గర ఆగినప్పుడు టవర్ ఒక్కటిగా కనిపించాలి. తర్వాత మీటరు దూరంలో స్కేలును ఏటవాలుగా పెట్టి, ఒక అంకె మీద ఫోకస్ చేసి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి తీయండి. ఆ అంకే షార్ప్‌గా రావాలి. పాత మోడళ్ల స్క్రీన్‌ని నమ్మకండి, ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూడండి.

సెన్సర్ కూడా చూడాలి. 2009లో వచ్చిన లైకా ఎం9 రేంజ్‌ఫైండర్‌లో సెన్సర్ మీది గాజుపలక పాడై మచ్చలు పట్టడం అందరికీ తెలిసిన సమస్యే. కంపెనీ కొన్నాళ్లు ఉచితంగా మార్చింది, ఇప్పుడా వెసులుబాటు లేదు. అపర్చర్ బాగా చిన్నది చేసి, అంటే ఎఫ్/16 పెట్టి, తెల్లగోడను తీస్తే బయటపడుతుంది. దుమ్మైతే తుడిస్తే పోతుంది, ఇది పోదు. మార్పించామంటే బిల్లు చూపించమనండి.

అపోహ: పది మెగాపిక్సెళ్లు ఈ రోజుల్లో ఎందుకూ పనికిరావు.

వాస్తవం: 12×18 ఆల్బమ్ షీటుకి హాయిగా సరిపోతాయి. పది మెగాపిక్సెళ్లుండే 2006 నాటి లైకా ఎం8లో చూడాల్సింది వేరే ఉంది. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుని సరిగా ఆపదు కాబట్టి నల్లటి సింథటిక్ బట్టలు వంకాయ రంగుకి తిరుగుతాయి. లెన్స్‌కి దాన్ని ఆపే యూవీ/ఐఆర్ ఫిల్టర్ తప్పనిసరి.

అపోహ: డిజిటలే కదా, స్క్రీన్ చూసి తీయొచ్చు.

వాస్తవం: ఎం8, ఎం9లలో లైవ్ వ్యూ లేదు, అంటే తీసే ముందు స్క్రీన్ మీద బొమ్మ కనిపించదు. వ్యూఫైండర్ కూడా లెన్స్‌లోంచి చూడదు. క్యాప్ తీయడం మర్చిపోయినా లోపల అంతా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది.

అపోహ: ఆటోఫోకస్ లేదు కాబట్టి స్లో.

వాస్తవం: ఫుల్‌ఫ్రేమ్‌లో (పాత ఫిల్మ్ గడి అంత సెన్సర్) 35 ఎం.ఎం. లెన్స్‌ని ఎఫ్/8లో, ఫోకస్ 3 మీటర్ల దగ్గర పెడితే సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. పగలు బజార్లో రింగ్ ముట్టుకునే పనే లేదు. ఇబ్బందల్లా దగ్గరి వస్తువులతోనే. ఈ లెన్సులు ఎక్కువగా 0.7 మీటరు కంటే దగ్గరికి ఫోకస్ కావు. మంగళసూత్రం క్లోజప్ కుదరదు. అందుకే పెళ్లికి దీన్ని రెండో కెమెరాగానే మెడలో వేసుకుంటున్నాను.