ప్యాచ్ పుట్టింది, ఫోన్‌కి రాలేదు

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి వెతికితే ‘సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్’ అని ఒక తేదీ కనిపిస్తుంది. ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్ లోపానికి వేసే అతుకు, అవి ఏ తేదీ దాకా ఈ ఫోన్‌కు అందాయో అది చెబుతుంది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో నాలుగైదేళ్ల కింద కొన్న తక్కువ ధర ఫోన్లు తీసి చూడండి, చాలావాటిలో ఆ తేదీ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఫోన్ మాత్రం ఆగలేదు. ముంబై, పుణె పోయిన పాలమూరు కూలీలు ఇంటికి పైసలు పంపేది దాంట్లోనే. ఉపాధి హామీ పనుల దగ్గర మేట్లు హాజరు ఫొటోలు ఎక్కించేదీ దాంట్లోనే. మరి తేదీ ఎందుకు ఆగింది? ఈ గొడవకు మూలాలు ఆండ్రాయిడ్ ఫోన్లు పుట్టకముందే ఉన్నాయి.

1988 నవంబర్‌లో మోరిస్ వార్మ్ అనే, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్ అప్పటి చిన్న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసింది. అది దూరిన సందుల్లో మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్ ఒకటి. రిపేర్ ఎలాగో కొన్ని యూనివర్సిటీల వాళ్లు త్వరగానే కనిపెట్టారు. కానీ అందరికీ చెప్పేదెలా? నెట్‌వర్కే పడకేసింది. అప్పటిదాకా ఇలాంటివి చూసుకునే చోటే లేదు. ఆ దెబ్బతోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో, ఇలాంటి దాడులప్పుడు అందరినీ హెచ్చరించి సాయపడే సెర్ట్ కేంద్రం పుట్టింది. మన దేశానికి సెర్ట్-ఇన్ 2004లో వచ్చింది. ఈలోగా 1999లో, ఎక్కడ ఏ లోపం బయటపడినా దానికో నంబర్ ఇచ్చే సీవీఈ పద్ధతి మొదలైంది.

ఆండ్రాయిడ్ కింద నడిచేది లైనక్స్ కెర్నల్, అంటే ఫోన్ యంత్రానికీ యాప్‌లకూ మధ్య ఉండి అన్నీ నడిపించే మూల ప్రోగ్రామ్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ కెర్నల్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా సరిచేసి పంపొచ్చు. కాకపోతే ఆ కెర్నల్ పెద్దలకు సీవీఈ నంబర్లంటే మొదట్నుంచీ గిట్టదు. సెక్యూరిటీ లోపాన్ని మామూలు బగ్ కన్నా గొప్పదిగా చూడనక్కర్లేదని టోర్వాల్డ్స్ 2008లో తెగేసి చెప్పాడు. కొత్త స్టేబుల్ (రిపేర్లు కలిపి విడుదల చేసే) వెర్షన్ వేసుకోండి, అన్నీ అందులోనే సరవుతాయి అన్నది వాళ్ల లెక్క. ఇందులో న్యాయం లేకపోలేదు. ఒక బగ్‌ను సరిచేసేటప్పుడు రేపు దాన్ని ఎవడు ఎలా వాడతాడో ముందే చెప్పడం కష్టం. చిక్కల్లా ఫోన్ కంపెనీలతోనే. అవి కెర్నల్‌ను మొత్తంగా మార్చవు. పాతదాన్నే ఉంచి, నంబర్ ఉన్న లోపాలు ఏరుకుని అతుకులు వేస్తాయి. నంబర్ లేనిది వాటి కంట్లో పడదు.

ఇది ఎంతదాకా పోతుందో 2019లో తేలింది. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఇంకో యాప్‌తో మాట్లాడాలంటే ఎక్కువగా బైండర్ అనే కెర్నల్ భాగం ద్వారానే పోవాలి. అందులో, వాడేసి వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకునే తప్పు ఒకటుండేది. కెర్నల్‌ను పొద్దస్తమానం పరీక్షించే సిజ్‌బాట్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ 2017 నవంబర్‌లోనే దాన్ని పట్టేసింది. 2018 ఫిబ్రవరిలో సరిచేశారు కూడా. సీవీఈ నంబర్ మాత్రం ఇవ్వలేదు. సరిచేసిన లోపాలను చెబుతూ గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ నెలవారీ బులెటిన్‌లోకీ ఎక్కలేదు. ఆ తర్వాత తయారైన కొన్ని ఫోన్లు సైతం పాత తప్పుతోనే షాపులకు చేరాయి. 2019 సెప్టెంబర్ చివర్లో లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోకు చెందిన మ్యాడీ స్టోన్ ఈ సందును ఎవరో నిజంగానే దాడులకు వాడుతున్నారని గుర్తించింది. లోపం ఉన్నట్టు అప్పుడు చెప్పిన జాబితాలో గూగుల్ సొంత పిక్సెల్ 2 ఉంది. మన దగ్గర ఊరూరా కనిపించిన రెడ్‌మీ 5ఏ, రెడ్‌మీ నోట్ 5 కూడా ఉన్నాయి. నంబర్, బులెటిన్ రెండూ అక్టోబర్‌లో వచ్చాయి. అంటే రిపేర్ అయ్యాక ఇరవై నెలలకు.

ఇప్పుడు కథ అటునుంచి ఇటు తిరిగింది. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ వాళ్లే సీవీఈ నంబర్లు ఇస్తున్నారు. ప్రమాదం కావచ్చనిపించిన ప్రతి రిపేర్‌కీ ఇస్తుండటంతో అవి ఏడాదికి వేలల్లోకి పోయాయి. ఏది ముందు చూసుకోవాలో తెలియడం లేదని సర్వర్లు నడిపేవాళ్లు తలలు పట్టుకుంటున్నారు. నన్నడిగితే, అసలు కనపడకపోవడం కన్నా ఈ టెన్షనే నయం.

నంబర్ ఉన్నంత మాత్రాన ప్యాచ్ చేతికొస్తుందా అంటే అదీ లేదు. కెర్నల్ నుంచి గూగుల్‌కు, అక్కడి నుంచి చిప్ కంపెనీకి, ఆపైన ఫోన్ కంపెనీకి, చివర్లో మన జేబులోకి రావాలి. కాల్వ చివరి భూముల రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ లోపం బయటపడి, ఒక్క ఎంఎంఎస్‌తో ఫోన్ దొరికిపోతుందని తెలిశాకే గూగుల్ నెలనెలా బులెటిన్లు మొదలుపెట్టింది. సెట్టింగ్స్‌లోని ఆ తేదీ కూడా అప్పటిదే. 2017లో ఆండ్రాయిడ్ 8తో ట్రెబుల్ అనే మార్పు తెచ్చి, చిప్ కంపెనీ కోడ్‌నూ ఆండ్రాయిడ్‌నూ విడదీశారు. అదే ఏడాది కెర్నల్ లాంగ్‌టర్మ్ వెర్షన్లకు, అంటే ఎక్కువ కాలం రిపేర్లు అందే వెర్షన్లకు, మద్దతును రెండేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచారు. చేసేవాళ్లు కొద్దిమంది, పని కొండంత. 2023లో మళ్లీ రెండేళ్లకే దించుతున్నామన్నారు.

“అప్‌డేట్ కొట్టకన్నా, ఫోన్ స్లో అయితది” అనే సలహా మన మొబైల్ షాపుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. మెమరీ తక్కువున్న ఫోన్లలో కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ వేస్తే అలా జరిగే మాట నిజమే. కానీ నెలవారీ సెక్యూరిటీ ప్యాచ్ వేరు, వెర్షన్ మారడం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి దేన్నీ రానివ్వడం లేదు. ఓటీపీ చెప్పి పోగొట్టుకున్న డబ్బుకు కెర్నల్‌ను తిట్టి లాభం లేదు, అది వేరే సంగతి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ను (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ ఎక్కించే ఫైల్) నొక్కి ఇన్‌స్టాల్ చేసుకుంటే మాత్రం కథ మారుతుంది. మామూలుగా ఏ యాప్ అయినా తన గదిలోనే ఉండాలి. బైండర్ లాంటి సందు మూయకుండా ఉంటే దానికి ఇల్లంతా దొరుకుతుంది.

ఐరోపా యూనియన్ 2025 జూన్ 20 నుంచి ఒక నియమం అమల్లోకి తెచ్చింది. ఒక మోడల్ ఫోన్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాల్సిందే. కొన్ని కంపెనీలు ఖరీదైన మోడళ్లకు ఏడేళ్లని ఇప్పటికే మాటిస్తున్నాయి. పదివేల లోపు ఫోన్‌కు ఆ మాట దొరకడం కష్టం. కొనేముందు కెమెరా ఎంత, ర్యామ్ ఎంత అని అడిగే మనం ‘ప్యాచ్‌లు ఏ ఏడాది దాకా’ అని కూడా అడిగితే, షాపతనికి తెలియకపోయినా కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేరు కొట్టి అక్కడికక్కడే చూసుకోవచ్చు.