కొత్త రేడియేటర్ వేశాక కూడా ఇంజను ఎందుకు వేడెక్కుతుంది?

కారుతున్న పాత రేడియేటర్‌ను తీయించి కొత్తది వేయించిన వారంలోపే టెంపరేచర్ ముల్లు మళ్లీ ఎర్రగీత దగ్గరికి చేరితే, యజమాని అనుమానం ముందుగా కొత్త సామాను మీదికే పోతుంది. నాసిరకం సరుకు అంటగట్టారని కొందరు, ఇంజను పని అయిపోయిందని మరికొందరు తేల్చేస్తారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ నిజం కావు. రేడియేటర్ మార్చేటప్పుడు కూలింగ్ వ్యవస్థను విప్పి, ఖాళీ చేసి, మళ్లీ నింపుతారు. లోపం ఎక్కువగా ఆ నింపడంలోనే ఉంటుంది.

ఆ వ్యవస్థ మీద ఎంత బరువు పడుతుందో ముందు చూడాలి. లీటరు పెట్రోలు మండితే సుమారు 32 మెగాజౌళ్ల శక్తి విడుదలవుతుంది. అందులో కారును నడిపే పనిగా మారేది స్థూలంగా నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే. ఇంకో భాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, దాదాపు అంతే వేడిని కూలెంట్, అంటే ఇంజనుకూ రేడియేటర్‌కూ మధ్య తిరిగే ద్రవం, మోసుకుపోవాలి. 30 డిగ్రీల దగ్గరున్న 30 లీటర్ల నీటిని మరిగే స్థాయికి తేవడానికి ఆ వేడి సరిపోతుంది. చిన్న కారులో దీన్నంతా మోసేది నాలుగు నుంచి ఆరు లీటర్ల ద్రవమే కాబట్టి, అది ఎక్కడా ఆగకుండా తిరుగుతూ ఉండాలి.

ఆ తిరుగుడును ఆపేది గాలి. ఇంజను నుంచి రేడియేటర్‌కు పోయే దారిని వేడిని బట్టి తెరిచే కవాటమే థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని ఉంటుంది. రేడియేటర్ మూతి దగ్గర కూలెంట్ పోస్తే రేడియేటర్ నిండుతుంది గానీ, ఇంజను బ్లాకులోనూ హీటరు గొట్టాల్లోనూ ఉన్న గాలికి బయటికి పోయే దారి దొరకదు. పైకి చూస్తే నిండినట్టే కనిపిస్తుంది, లోపల లీటరుకు పైగా ఖాళీ ఉండవచ్చు. మన మెకానిక్‌లు ‘ఎయిర్ పట్టేసింది’ అనేది దీన్నే. నీటితో పోలిస్తే గాలికి వేడిని మోసే శక్తి అతి తక్కువ. సిలిండర్ హెడ్‌లో గాలి నిలిచిన చోట లోహం కాలిపోతున్నా, పక్కనే ఉన్న ద్రవానికి ఆ వేడి అందదు. పంపులోకి గాలి చేరితే అది తిరుగుతుందే తప్ప ద్రవాన్ని తోయలేదు. టెంపరేచర్ సెన్సర్ గాలిలో మిగిలిపోతే ముల్లు మామూలుగానే ఉండి, ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. ముల్లు అలా గంతులు వేస్తుంటే మొదట గాలినే అనుమానించాలి.

గాలి తీయడానికి ఓపిక కావాలి. కారు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, హీటరును పూర్తి వేడికి తిప్పి, కూలెంట్‌ను నెమ్మదిగా పోయాలి. గాలి తీసే మర ఉన్న కార్లలో దాన్ని వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చాక బిగించాలి. తర్వాత ఇంజనును ఐడిల్‌లో నడుపుతూ మూతి దగ్గర గమనిస్తే బుడగలు ఒకటొకటిగా వస్తాయి. కాసేపటికి థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. చాలా ఇంజన్లలో ఇది 80 నుంచి 90 డిగ్రీల మధ్య జరుగుతుంది. అంతవరకు చల్లగా ఉన్న రేడియేటర్ వైపు గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది, మూతి దగ్గర మట్టం గభాలున పడిపోతుంది. చాలామంది పని ముగించేసేది సరిగ్గా ఇక్కడే. పడిన మేరకు మళ్లీ నింపి, మూత బిగించి, కొంత దూరం తిప్పి, ఇంజను పూర్తిగా చల్లారాక మట్టం మరోసారి చూడాలి. ఇంజను వేడిగా ఉన్నా హీటరులోంచి చల్లగాలే వస్తోందంటే గాలి ఇంకా లోపలే ఉందని, లేదా కూలెంట్ చాలలేదని అర్థం.

మూతను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా దృష్టిలో కొత్త రేడియేటర్‌తోపాటు కొత్త మూత కొనకపోవడం తప్పుడు పొదుపు. అది చేసే పని కుక్కర్ మూత చేసేదే. బయటి వాతావరణ పీడనం కంటే లోపల సుమారు ఒక బార్ ఎక్కువ పీడనాన్ని నిలబెడితే, మామూలు నీరు కూడా 100 డిగ్రీలకు బదులు 120 దగ్గర మరుగుతుంది. మూతలోని స్ప్రింగు సడలినా, రబ్బరు వాషరు ఎండిపోయినా, పాత మూత కొత్త మూతికి సరిగా కూర్చోకపోయినా ఆ 20 డిగ్రీల రక్షణ పోతుంది. వేడి మీద మూత తీయకూడదన్నది కూడా ఇందుకే. పీడనం తగ్గిన క్షణంలోనే లోపలి ద్రవం ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

ఎప్పుడు వేడెక్కుతోందన్నది మంచి ఆధారం. శ్రీకాకుళం బజారులో ఆగి ఆగి కదిలేటప్పుడు వేడెక్కి, జాతీయ రహదారి ఎక్కగానే తగ్గితే తప్పు ఫ్యాన్ వైపు ఉంది. రేడియేటర్ బిగించాక ఫ్యాన్ ప్లగ్గు పెట్టడం మరిచిపోయి ఉండవచ్చు. వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతూ ఉండవచ్చు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు బిగించకపోతే గాలి రేడియేటర్ గుండా కాక పక్కల నుంచి పోతుంది. ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూస్తే సగం సంగతి తేలుతుంది.

అలా కాక ఊరిలో బాగానే ఉండి, సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కితే లోపం ప్రవాహంలో ఉంది. ఘాట్‌లో తక్కువ గేరులో ఇంజను ఎక్కువ పని చేస్తుంది, బండి వేగం తక్కువ కాబట్టి ఎదురుగాలి తగ్గుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ మరిగే స్థానం ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గడం నిజమే గానీ, అది చిన్న కారణం. అసలు చూడవలసినవి సగమే తెరుచుకునే థర్మోస్టాట్, రెక్కలు అరిగిన వాటర్ పంపు, జారుతున్న బెల్టు. మెత్తబడిన కింది గొట్టం కూడా పంపు లాగే ఒత్తిడికి అతుక్కుపోతుంది. బానెట్ తెరిచి, వేడెక్కిన ఇంజనును మరొకరు రేస్ చేస్తుంటే అది నొక్కుకుపోవడం కంటికే కనిపిస్తుంది.

కొత్త రేడియేటరే పూడుకుపోవడమూ ఉంది, కానీ తప్పు దానిది కాదు. కారుతున్న రేడియేటర్‌లో పసుపు వేసే అలవాటు మన దగ్గర ఇప్పటికీ ఉంది. దారిలో చిక్కుకున్నవారిని అది ఇల్లు చేర్చవచ్చు, కానీ ఆ ముద్ద ఇంజనులోనే ఉండిపోయి తర్వాత కొత్త రేడియేటర్ సన్నని గొట్టాల్లో చేరుతుంది. బోరు నీళ్లలోని లవణాలు వేడికి గట్టి పొరలా పేరుకుని వేడిని అడ్డుకుంటాయి. తీరప్రాంతపు ఉప్పునీళ్లయితే లోహాన్ని కూడా తింటాయి. అందుకే కొత్తది బిగించకముందే ఇంజను లోపల కడిగించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా గాలి ఎన్నిసార్లు తీసినా బుడగలు ఆగకపోతే, చల్లని ఇంజను స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే పై గొట్టం రాయిలా బిగుసుకుంటే, ఇంజను బ్లాకుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య బిగించే పలుచని సీలును, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అనుమానించాలి. పాత రేడియేటర్ కారిన రోజుల్లో ఇంజను ఒకసారి బాగా కాగి ఉంటే, దెబ్బ అప్పుడే తగిలి ఉండవచ్చు. హెడ్ విప్పకుండానే దీన్ని తేల్చే పరీక్ష ఉంది. రేడియేటర్ మూతి మీద చిన్న గొట్టం అమర్చి, కూలెంట్ పైనున్న గాలిని నీలిరంగు ద్రవం గుండా లాగుతారు. సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే, అందులోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీలం పసుపు రంగుకు మారుతుంది. హెడ్ దింపమని చెప్పే ముందు ఈ పరీక్ష చేయమని మెకానిక్‌ను అడిగే హక్కు ప్రతి యజమానికీ ఉంది.