‘డెమోలా ఉందండీ’: ఆల్బం చేయించుకునేవారి అపోహలు, వాస్తవాలు

డాలస్ శివార్లలో రికార్డింగ్, మిక్సింగ్ పని చేస్తుంటాను. సొంతంగా ఆల్బం చేయించుకోవాలని వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. గొంతునూ వాద్యాలనూ కలిపిన మొదటి మిక్స్ పంపిన రాత్రే ఫోను వస్తుంది: ‘‘అంతా బాగుంది గానీ, ఎక్కడో డెమోలా ఉందండీ. ఇంకాస్త నింపుదామా?’’ (డెమో అంటే నమూనాగా చేసే కచ్చా రికార్డింగు.) ఆ నింపడానికి కరిగిపోయిన డబ్బునీ, దాని కింద నలిగిపోయిన పాటలనీ చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: వాద్యాలు నిండుగా లేకపోతే ఆల్బం పూర్తి కానట్టే.

వాస్తవం: మా పక్కనే ఉన్న గార్లాండ్‌లో, ఆటమ్ సౌండ్ స్టూడియోలో, 1975 జనవరిలో కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయకుడు విల్లీ నెల్సన్ ‘రెడ్ హెడెడ్ స్ట్రేంజర్’ ఆల్బం రికార్డు చేశాడు. భార్యనూ ఆమె ప్రియుణ్నీ చంపి, గుర్రమెక్కి దిమ్మరిగా తిరిగే ఒక మతబోధకుడి కథ అది. వినిపించేది ముఖ్యంగా ఆయన నైలాన్ తీగల గిటారు, అక్క బాబీ పియానో, మిక్కీ రఫేల్ హార్మోనికా. డ్రమ్స్, బాస్ గిటారు ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో పాటకు వయొలిన్ల బృందాన్నీ కోరస్‌నూ తొడిగే రోజులవి. కొలంబియా రికార్డు కంపెనీ పెద్దలు టేపు విని ఇది డెమో అనుకున్నారు. ఏం ఎలా చేయాలన్న హక్కు ఒప్పందంలో నెల్సన్‌కే ఉంది కాబట్టి, మనసొప్పకపోయినా అలాగే విడుదల చేశారు.

జనం ఆదరించారు. కంట్రీ ఆల్బంల పట్టికలో మొదటి స్థానం, అన్ని రకాల ఆల్బంల పట్టికలో 28. ‘బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్’ గాయకుడిగా ఆయనకు మొదటి నంబర్ వన్ పాట అయింది, గ్రామీ కూడా తెచ్చింది. తర్వాతి కాలంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బంను జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

ఆ పాటను హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. నెల్సన్ తాళానికి కట్టుబడి పాడడు. మాటను కాస్త ముందో వెనకో వేస్తాడు, ఆ లాగుడులోనే ఉంది దిగులంతా. అక్కడ వయొలిన్లు పరిస్తే అది వినబడదు. ఇందులో మర్మమేమీ లేదు. హల్లులు స్పష్టంగా తెలిసే ధ్వని ప్రాంతంలోనే కీబోర్డు ప్యాడ్లు (వెనక సాగుతూ నింపే స్వరాలు), వయొలిన్లు, కోరస్ కూడా వచ్చి కూర్చుంటాయి. అప్పుడు గొంతు పెంచమంటారు. పెంచితే సంగీతం చిన్నదైందంటారు.

ఆ మధ్య ఒకావిడ తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న దంపుళ్ల పాటలు తెచ్చారు. ఎవరో అరేంజర్ (పాటకు వాద్యాలు కూర్చేవాడు) ప్యాడ్లు, వయొలిన్లు, కోరస్ అన్నీ దట్టించి పంపాడు. దాచుకున్న డబ్బంతా అతనికే పోసినట్టున్నారు, ‘‘తీసేస్తే అదంతా దండగేనా అండీ?’’ అన్నారు బిక్కమొహం వేసుకుని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. విని చూద్దామని చెప్పి ఒక్కో ట్రాకూ మ్యూట్ చేస్తూ పోయాను. గొంతు, డోలక్, వేణువు మిగిలాయి. వెనక సోఫాలో అప్పటిదాకా కునుకు తీస్తున్న వాళ్లమ్మగారు లేచి, ‘‘అక్కడ మాట తప్పు పాడావమ్మా’’ అన్నారు. అదే పాట పొద్దుటి నుంచీ ఆ గదిలో మోగుతూనే ఉంది. ఆ మాట అప్పుడే ఆవిడ చెవిన పడింది. ఆ చరణం మళ్లీ పాడించాం. (వేణువు కూడా తీసేద్దామన్నాను, కూతురు ససేమిరా అన్నారు. ఉంచాం.)

అపోహ: నెల్సన్ నాలుగు వేల డాలర్లలో ముగించాడు, మాకూ అంతే వేయండి.

వాస్తవం: నాలుగు వేలు ప్రచారంలో ఉన్న లెక్క. ఈ లెక్క చెప్పేవాళ్లు ఆ గదిలో కూర్చున్నది ఎవరో చెప్పరు. బాబీ ఆయనతో చిన్నప్పటి నుంచీ వాయిస్తూ వచ్చింది. డ్రమ్స్ వాయించిన పాల్ ఇంగ్లిష్ ఏళ్ల తరబడి వెంట ఉన్నవాడు. రోజూ కచేరీలు చేసే బృందం అది, ఎవరు ఎక్కడ ఆగుతారో ఒకరికొకరికి తెలుసు. స్టూడియోలో తక్కువ గంటలు పట్టాయంటే కారణం అదే. మీరు సాహిత్యం ఫోనులో చూసుకుంటూ, శ్రుతి ఏదో స్టూడియోలోనే తేల్చుకుంటూ పాడితే గంటలు పెరుగుతాయి, బిల్లూ పెరుగుతుంది. ఇంటి దగ్గర మామూలు తంబుర యాప్ పెట్టుకుని, చూడకుండా పాడటం వచ్చాక రండి. వాద్యాలు తగ్గించాలన్నా ముందు అది రావాలి. గొంతుకు చాటు ఉండదు కదా.

మిగతావి గబగబా. నెల్సన్ రాత్రికి రాత్రి వచ్చినవాడు కాదు. అప్పటికి నలభై దాటాడు, గాయని ప్యాట్సీ క్లైన్ 1961లో పాడిన ‘క్రేజీ’ ఆయన రాసిందే. అన్నీ సొంత పాటలే ఉండాలన్న నియమమూ లేదు. పైన చెప్పిన నంబర్ వన్ పాట ఫ్రెడ్ రోజ్ రాసింది, 1940ల నాటిది. అలాగని ఇతరుల పాట అనుమతి లేకుండా అమ్మకానికి పెట్టకండి. ఇక మాస్టరింగులో (మిక్స్‌కు చివరగా పెట్టే మెరుగులో) అన్నీ సర్దుకుంటాయన్న మాట ఎవరు పుట్టించారో గానీ, గొంతు పగిలి రికార్డయితే మాస్టరింగులో అది ఇంకా గట్టిగా పగులుతుంది. నాకు పంపకండి, మళ్లీ పాడండి.