డిగ్రీ డేస్ లెక్క మందు కొట్టే తేదీ చెప్పదు: కత్తెర పురుగుపై అపోహలు - వాస్తవాలు

యాసంగి మొక్కజొన్న మోకాలెత్తు వచ్చిందంటే నా ఫోన్ ఆగదు. "సార్, యాప్‌లో డిగ్రీ డేస్ 390 దాటాయి, కొట్టేయమంటారా?" అని ఒకటే ప్రశ్న. మొక్కజొన్న సుడిలో, అంటే నడిమి ఆకుల చుట్టలో దూరి తినే కత్తెర పురుగు గురించే ఆ అడగడం. డిగ్రీ డేస్ అంటే పురుగు ఎదగడానికి రోజూ అందిన వేడిని కూడుకుంటూ పోయే లెక్క. మొన్న ఖమ్మం దగ్గర ఒక రైతు డ్రమ్ములో మందు కలిపి పెట్టుకుని మరీ ఫోన్ చేశాడు.

అపోహ: లెక్క నిండింది కాబట్టి మందు కొట్టాలి

రైతుకు ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. డిగ్రీ డేస్ పురుగు వయసు చెబుతాయి, అంతవరకే. మీ చేనులో పురుగు ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో ఆ అంకెకు తెలియదు. దక్షిణాఫ్రికా పరిశోధకులు 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం కత్తెర పురుగు గుడ్డు పగలడానికి సుమారు 36, ఆకు తినే లద్దె దశకు 205, రెక్కలు రాకముందు కదలక ఉండే ప్యూపా దశకు 151 డిగ్రీ డేస్ పడతాయి. మొత్తం 392. అంటే 390 దగ్గర మనకు ఎదురయ్యేది ఆకు తినే పురుగు కాదు, రెక్కల పురుగు. ఆ రోజు మందు కొట్టి ఏం లాభం?

ఇంకో ముఖ్యమైన సంగతి, లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నది. ఆ రైతు విత్తిన రోజు నుంచి లెక్కేశాడు. విత్తిన రోజున చేనులో మొక్కే లేదు, గుడ్డు ఎక్కడిది? లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ పురుగుల్ని పట్టేవి) రెక్కల పురుగులు వరుసగా పడటం మొదలైన రోజే మన లెక్కకు సున్నా.

"డ్రమ్ము అలాగే ఉంచు బాబాయ్, నేను వస్తున్నా" అని బయల్దేరాను. వెళ్లి చూస్తే బుట్ట ఉంది కానీ అందులో ఎర మార్చి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఇద్దరం చేనులో ఐదు చోట్ల ఆగి, చోటుకు 20 మొక్కల చొప్పున 100 మొక్కలు చూశాం. దెబ్బతిన్నవి మూడు. చిన్న మొక్కల్లో నూటికి 5, సుడి బాగా పెరిగాక 10 దాటితేనే మందు గురించి ఆలోచించాలి. ఒక మొక్క సుడి విప్పితే తడిసిన రంపపు పొట్టులాంటి పెంట, దాని కింద వేలెడు పురుగు. తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. అంత పెద్ద పురుగు మీదికి పైన కొట్టిన మందు చేరదు, అది వేసిన పెంటే దానికి మూత అవుతుంది. మందు పనిచేసేది గుడ్డు పగిలిన తొలి రోజుల్లో, ఆకు మీద తెల్లటి పొరలు కిటికీల్లా కనబడేటప్పుడు. లెక్క వేసేది ఆ రోజులు తప్పిపోకుండా చేలోకి వెళ్లి చూడటానికే.

ఆయన అప్పటికే రెండుసార్లు కొట్టేశాడు. తప్పు పట్టబుద్ధి కాలేదు. అంతకు ముందు పంటలో సగం కంకులు పోగొట్టుకున్న మనిషి, రాత్రిళ్లు టార్చి వేసుకుని సుడులు విప్పి చూసుకుంటున్నాడు. ఆ టెన్షన్‌లో ఎవరైనా అంకెనే పట్టుకుంటారు.

అపోహ: ఏ కాలంలోనైనా పురుగుకు నెల రోజులే

ఈ పురుగు 2018లో కర్ణాటకలో బయటపడి, అదే ఏడాది మన దగ్గరికీ వచ్చింది. కొత్తలో నేనూ రోజుల లెక్కే చెప్పాను, వానాకాలంలో చూసిన రోజుల్నే యాసంగికీ చెప్పి కొందరిని తొందరపెట్టాను. ఇప్పుడు లెక్క కట్టి చూపిస్తాను. ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం కూడి సగం చేసి, అందులోంచి ఈ పురుగు ఎదగడానికి కావాల్సిన కనీస ఉష్ణోగ్రత 12.5 తీసేయాలి. జూన్‌లో 34, 26 ఉంటే సగటు 30, ఆ రోజుకు 17.5. 392 నిండటానికి 22 రోజులు. డిసెంబరులో 29, 15 ఉంటే సగటు 22, రోజుకు 9.5 మాత్రమే. అదే పురుగుకు 41 రోజులు పడుతుంది. తేడా దాదాపు రెట్టింపు.

అపోహ: ఎండ ముదిరితే పురుగు రెండు రోజుల్లో ఊరంతా తినేస్తుంది

ఈ వాయిస్ మెసేజ్ ఏటా వస్తుంది, ఎవరు మొదలుపెడతారో గానీ దయచేసి ఫార్వర్డ్ చేయకండి. 30 డిగ్రీల దాకా పురుగు ఎదుగుదల వేగం పెరుగుతుంది. ఆ పైన బతికేవి తగ్గుతాయి. పై హద్దు పెట్టని యాప్ మాత్రం 42 డిగ్రీల ఎండను కూడా కలుపుకుంటూ పోతుంది, అంకె ఊరికే ఉబ్బుతుంది.

మిగతావి

మొక్కజొన్న పంటకు కనీస ఉష్ణోగ్రత 10, పురుగుకు 12.5. పంట కోసం చూపించే అంకెను పురుగుకు వాడితే రోజుకు 2.5 చొప్పున 40 రోజుల్లో 100 తేడా వస్తుంది. అమెరికా చార్టులో పంటకు 2700 అని చూసి కంగారు పడకండి, అది ఫారన్‌హీట్ లెక్క, 1.8తో భాగిస్తే 1500. ఇదేదో యాప్‌ల వాళ్లు కొత్తగా పుట్టించిందని కొట్టిపారేయడమూ తప్పే, ఫ్రాన్స్‌లో రెయోమూర్ 1735లోనే పంట పండటానికి వేడిని కూడి చూశాడు.

ఖమ్మం బాబాయ్ బుట్టలో ఎర మార్చాడు. రోజూ పొద్దున్నే లెక్కపెట్టి, షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాస్తున్నాడు. నిన్న ఫోన్ చేశాడు. "సార్, మొన్న ఆరు, నిన్న ఎనిమిది, ఇవాళ తొమ్మిది పడ్డాయి. మొన్నటి నుంచి లెక్క పెట్టమంటారా?"

"పెట్టు బాబాయ్. మొన్న సున్నా. వారంలోపు ఇద్దరం సుడులు చూద్దాం."